పది సార్లు హెడ్ క్లీనింగ్ కొట్టినా గీతలు పోకపోతే

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. రెండేళ్ళ కిందట కొన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్. వేసవి సెలవులకు ఊరెళ్ళి 40 రోజుల తర్వాత వచ్చారు. ప్రింట్ తీస్తే నల్ల అక్షరాల మధ్య అడ్డంగా తెల్ల గీతలు, పాప ఫొటోలో ముఖం ఆకుపచ్చగా తిరిగింది. హెడ్ అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం, దాన్ని ప్రింటరే శుభ్రం చేసుకునే హెడ్ క్లీనింగ్ వరసగా 10 సార్లు కొట్టారు. మొదటి రెండు సార్లకు కాస్త మెరుగైంది, ఆ తర్వాత ముందుకన్నా అన్యాయమైంది. ట్యాంకుల్లో ఇంకు సగానికి దిగింది. షాపులో చూపిస్తే హెడ్ పోయింది, అది మార్చే ఖర్చుకు ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తుంది అన్నారు.

కొత్తది కొనకండి. కనీసం ఈ వారం కొనకండి. "మొదట మెరుగైంది, తర్వాత అన్యాయమైంది" అన్నారే, ఆ ఒక్క మాటతోనే నాకు సగం ధైర్యం వచ్చింది. నిజంగా పాడైన హెడ్ అలా ముందుకీ వెనక్కీ ఊగదు. హెడ్‌లో పోయిన రంధ్రం పోయినట్టే ఉంటుంది. విజయవాడలో 18 ఏళ్ళుగా ప్రింటర్లు బాగుచేస్తున్నాను. ఏటా జూన్‌లో బడులు తెరిచేసరికి నా బల్ల మీద ఇలాంటివే వరస కడతాయి. "హెడ్ పోయిందట" అని తెచ్చినవాటిలో చాలావాటికి నేను హెడ్ మార్చలేదు.

అసలు జరిగేదేమిటో కొంచెం తెలిస్తే మిగతాదంతా మీకే తోస్తుంది. హెడ్ అడుగున వెంట్రుకకన్నా సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటినే నాజిల్స్ అంటాం. ఉదాహరణకు ఎప్సన్ ఎల్3210లో నలుపుకు 180, సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు రంగులకు తలా 59 ఉంటాయి. ఒక్కో చుక్క అతి చిన్నదైతే 3 పికోలీటర్లు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోలీటరు. అంత చిన్న చుక్క ఎండిపోవడానికి మన ఎండాకాలంలో ఎంతసేపు పడుతుందో ఊహించండి. అందుకే పని లేనప్పుడు హెడ్ కుడివైపు మూలకు వెళ్ళి ఒక రబ్బరు గిన్నె మీద కూర్చుంటుంది. దాన్ని క్యాప్ అంటాం. పచ్చడి జాడీకి మూత ఎలాగో హెడ్‌కు అది అలాగ.

హెడ్ క్లీనింగ్ అని మనం కొట్టేది కడగడం కాదు, పీల్చడం. క్యాప్ హెడ్‌కు గట్టిగా అతుక్కుంటుంది, కింద ఉన్న చిన్న పంపు ఇంకును లాగుతుంది. ఎండిన ముక్క ఏదైనా ఉంటే ఇంకుతో పాటు బయటికి వస్తుంది. ఈ పీల్చుడు వెంటవెంటనే పది సార్లు జరిగితే ట్యాంకు నుంచి సన్నని గొట్టంలో వచ్చే ఇంకు ఆ వేగాన్ని అందుకోలేదు. ఎక్కడో సందులోంచి గాలి దూరుతుంది, హెడ్ మీద ఉన్న చిన్న ఇంకు గదిలో నురుగు కడుతుంది. అప్పుడు నాజిల్ శుభ్రంగానే ఉంటుంది గానీ దానికి ఇంకు అందదు. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, తెల్ల గీతలే. మీరు ఇంకా మూసుకుపోయింది అనుకుని మళ్ళీ క్లీనింగ్ కొడతారు, ఇంకా గాలి వెళ్తుంది.

కాబట్టి మందు వేసే ముందు జబ్బు ఏదో తేల్చాలి. దానికి ప్రింటర్‌లోనే సాధనం ఉంది, నాజిల్ చెక్, అంటే ప్రతి నాజిల్ ఒక చిన్న గీత గీసే పరీక్ష పేజీ. కంప్యూటర్‌లో ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే మెయింటెనెన్స్ అనే ట్యాబ్‌లో దొరుకుతుంది. ఇంకు ఖర్చు దాదాపు లేదు. చాలామంది దాన్ని ఒకసారి తీసి, "ఆ, గీతలు ఉన్నాయి" అని పక్కన పడేస్తారు. అది కాదు పద్ధతి.

నాజిల్ చెక్ రెండు సార్లు తీయండి. మధ్యలో క్లీనింగ్ చేయకూడదు. రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుతుర్లో చూడండి. మెట్ల మెట్లుగా ఉన్న సన్న గీతల్లో ఎక్కడెక్కడ తెగిందో కనిపిస్తుంది. మొదటి కాగితంలో తెగిన చోటే రెండో దానిలోనూ తెగితే, ఆ నాజిల్ ఎండి మూసుకుపోయింది. తెగిన చోట్లు మారుతుంటే, లేదా మొదటి దానికన్నా రెండో దానిలో ఎక్కువ తెగితే, మూసుకుపోవడం కాదు, ఇంకు అందడం లేదు, గాలి ఉంది. ఒక రంగు వరస మొత్తమే మాయమైతే ఎక్కువసార్లు గాలో, క్యాప్ పట్టకపోవడమో కారణం. ఏకంగా 59 రంధ్రాలు ఒకేసారి ఎండిపోవడం అరుదు. ఇక గీతలన్నీ చక్కగా ఉండి ప్రింట్ మాత్రం బాగోలేకపోతే హెడ్‌ను ముట్టుకోకండి, తప్పు వేరే చోట ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి ఆనవు. ఫోన్ స్క్రీన్ నిండా ముదురు నీలం రంగు బొమ్మ పెట్టి, చీకటి గదిలో ఆ వెలుగులో కాగితం చూడండి. పసుపు గీతలు నల్లగా తేలి వస్తాయి. "పసుపు బాగానే ఉంది" అని చెప్పినవాళ్ళ కాగితం నేను ఇలా చూస్తే సగం గీతలు లేని సందర్భాలు ఎన్నో.

రంగు మారిన తీరును బట్టి కూడా ఏది లేదో చెప్పొచ్చు. మెజెంటా రాకపోతే ముఖాలు ఆకుపచ్చగా వస్తాయి, ఎందుకంటే మిగిలిన సయాన్, పసుపు కలిస్తే ఆకుపచ్చే. సయాన్ పోతే అంతా ఎర్రగా, నారింజగా ఉంటుంది. పసుపు పోతే ఊదా రంగుకు తిరుగుతుంది. మీ పాప ఫొటో ఆకుపచ్చగా ఉందన్నారు గనక మీకు పోయింది మెజెంటా. నల్ల అక్షరాల్లో గీతలంటే నలుపులోనూ కొన్ని నాజిల్స్ లేవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మొట్టమొదట, ఏమీ చేయకండి. ప్రింటర్‌ను దాని బటన్‌తో ఆపి 12 గంటలు వదిలేయండి. ఇది నా సొంత వైద్యం కాదు, ఎప్సన్ తన మాన్యువల్స్‌లోనే చెబుతుంది: మూడు సార్లు చెక్, క్లీనింగ్ చేసినా మారకపోతే కనీసం 12 గంటలు ప్రింట్ తీయకుండా ఆగి మళ్ళీ చూడమని. ఆ సమయంలో నురుగు విరిగి, బుడగలు పైకి తేలి, ఇంకు మెల్లగా కిందికి దిగుతుంది. ఎండిన ఇంకు కూడా కొత్త తడికి నానుతుంది. రాత్రి గీతలు గీతలుగా ఉన్న ప్రింటర్ పొద్దున్నే ఎవరూ ముట్టుకోకుండా సగం బాగుపడటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

పొద్దున్నే ప్రింట్ తీయబోయే ముందు స్కానర్ పైకెత్తి లోపల టార్చ్ వేసి చూడండి. హెడ్‌కు వెళ్ళే నాలుగు సన్న గొట్టాలు పట్టీలా పక్కపక్కన ఉంటాయి. రంగు ఎక్కడా తెగకుండా నిండుగా ఉండాలి. మధ్యలో తెల్లగా ఖాళీ కనిపిస్తే అది గాలి. ఒకటి రెండు చిన్న బుడగలకు కంగారు వద్దు. జానెడు ఖాళీ ఉంటే మామూలు క్లీనింగ్ ఎన్నిసార్లు కొట్టినా రాదు. దానికి ఎప్సన్‌లో పవర్ క్లీనింగ్, కానన్ జీ సిరీస్‌లో సిస్టమ్ క్లీనింగ్ అని పెద్ద పీల్చుడు ఉంటుంది. అది గొట్టంలో ఉన్న ఇంకునంతా లాగేస్తుంది, అందుకే దాన్ని మొదలుపెట్టే ముందు ప్రతి ట్యాంకులోనూ మూడో వంతు కన్నా తక్కువ ఉండకూడదు. తక్కువ ఉన్నప్పుడు చేస్తే ట్యాంకు అడుగు నుంచి మళ్ళీ గాలే లాగుతుంది. ఒకసారి చేశాక మళ్ళీ చేయాలంటే ఇంకో 12 గంటలు ఆగాలి. మీ ట్యాంకులు సగం ఉన్నాయి గనక ఒకసారికి ఇబ్బంది లేదు.

క్లీనింగ్‌లో పీల్చిన ఇంకంతా ఎక్కడికి పోతుందని చాలామంది అడగరు. ప్రింటర్ అడుగున దూది లాంటి ప్యాడ్ ఉంటుంది, అందులోకి. అది నిండిందని లోపలి లెక్క చెప్పగానే ప్రింటర్ ఆగిపోతుంది. ప్యాడ్ మార్చకుండా లెక్క ఒక్కటే సున్నా చేసే సాఫ్ట్‌వేర్లు తిరుగుతున్నాయి. అలా చేసినవాటి కింద ఇంకు కారి బల్లలు, గచ్చు మరకలైపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అవసరం లేని ప్రతి క్లీనింగూ ఆ ప్యాడ్ ఆయుష్షు తింటుంది.

ఇంత చేసినా మార్పు లేకపోతే అప్పుడు క్యాప్‌ను అనుమానించాలి. ఇది చాలా షాపుల్లో చూడరు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను. పోయిన మే నెలలో ఒక టీచరమ్మ గారు ప్రింటర్ తెచ్చారు. ఎన్ని క్లీనింగ్‌లు చేసినా ఒక్క గీత మారలేదు, ట్యాంకులో ఇంకు కూడా తగ్గలేదు. ఆ రెండో మాటే ఆధారం. క్లీనింగ్ జరుగుతున్నా ఇంకు తగ్గడం లేదంటే పంపు ఇంకును కాదు, గాలిని పీలుస్తోంది. హెడ్‌ను పక్కకు జరిపి, భూతద్దం పెట్టి చూస్తే క్యాప్ రబ్బరు అంచు మీద అడ్డంగా ఒక కుక్క వెంట్రుక. ఒకే ఒక్కటి. దాని పక్కన ఉన్న సందు వల్ల క్యాప్ అతుక్కోవడం లేదు. చిమటాతో తీసేసి, తడి బట్టతో అంచు తుడిచి, ఒక్క క్లీనింగ్ చేస్తే నాలుగు రంగులూ వచ్చేశాయి. ఆవిడకూ హెడ్ మార్చాలనే చెప్పారట.

మీరూ చూసుకోవచ్చు. ఏదైనా ప్రింట్ మొదలుపెట్టి, హెడ్ కుడి మూల నుంచి కదలగానే ప్లగ్ తీసేయండి. అప్పుడు దాన్ని చేత్తో మెల్లగా ఎడమకు జరపొచ్చు. కుడి మూలలో క్యాప్, దాని పక్కన నిలబెట్టిన చిన్న రబ్బరు పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీ హెడ్ అడుగును తుడిచే వైపర్. ఎండిన ఇంకు పెచ్చులు, దారం పోగులు, దుమ్ము ఉంటే పోగులు రాని మెత్తని బట్టను డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి రబ్బరు అంచు చుట్టూ, వైపర్ రెండు వైపులా తుడవండి. తర్వాత డ్రాపర్‌తో క్యాప్ లోపలి స్పాంజి తడిసేంత నీళ్ళు, నాలుగైదు చుక్కలు చాలు, వేసి హెడ్‌ను తిరిగి కుడి మూలకు జరపండి. రాత్రంతా అలాగే వదిలేస్తే కింద నుంచి తడి తగిలి ఎండిన ఇంకు కరుగుతుంది. పొద్దున్నే ప్లగ్ పెట్టి ఒక్క క్లీనింగ్ చేయండి. క్యాప్‌లో నీళ్ళు అలాగే నిలిచి ఉంటే పంపుదో, కింది గొట్టందో తప్పు, అది షాపు పని.

డిస్టిల్డ్ వాటర్ అంటే బ్యాటరీల్లో పోసేదే, ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, సీసా మీద చదివి తీసుకోండి. బోరు నీళ్ళు వద్దు. స్టీలు గిన్నెలో బోరు నీళ్ళు ఎండితే మిగిలే తెల్లటి పొర చూశారుగా, అది హెడ్ రంధ్రాల్లో పేరుకుంటే ఇక ఎవరూ తీయలేరు.

వీడియోల్లో సిరంజితో హెడ్‌లోకి నీళ్ళు కొట్టి చూపిస్తారు. దయచేసి ఇంట్లో చేయకండి. హెడ్ లోపల పల్చని పొరలు అతికించి ఉంటాయి. బొటనవేలి ఒత్తిడికే అవి విడిపోవచ్చు, అప్పుడు ఒక రంగు ఇంకో రంగులోకి కలుస్తుంది. పైగా ఒక్క చుక్క తెల్ల రిబ్బన్ కేబుల్ మీద పడి తడిగా ఉండగానే కరెంటు ఇచ్చారంటే హెడ్‌తో పాటు బోర్డు కూడా కాలుతుంది. నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా చచ్చిన హెడ్‌లు చాలావరకు ఎండినవి కావు, ఇలా బాగుచేయబోయి చంపినవి. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ అసలే వద్దు.

మీలాంటి ప్రింటర్ కాకుండా చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటర్ ఉన్నవాళ్ళకు పని తేలిక. హెచ్‌పీ చిన్న కార్ట్రిడ్జ్‌లలో హెడ్ కార్ట్రిడ్జ్ అడుగునే ఉంటుంది, అంటే కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా కొత్తదే. దాన్ని బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టిన టిష్యూను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, అడుగున ఉన్న నాజిల్ పలకను దాని మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. రుద్దకూడదు. పైకి లేపితే రంగుల కార్ట్రిడ్జ్ అయితే టిష్యూ మీద మూడు రంగుల పట్టీలు పక్కపక్కన పడాలి. ఒక పట్టీ లేకపోతే ఆ రంగు అయిపోయింది లేదా ఇంకా మూసుకునే ఉంది. రాగి రంగు చుక్కలున్న పక్కను మాత్రం తడి తగలకుండా పొడి బట్టతో తుడవండి.

ఇక నాజిల్ చెక్ నిండుగా వచ్చీ ప్రింట్ బాగోలేనివారి సంగతి. ముందు కంప్యూటర్‌లో ప్రింట్ సెట్టింగుల్లో క్వాలిటీ డ్రాఫ్ట్ మీద ఉందేమో చూడండి. ఇంకు ఆదా అని ఎప్పుడో పెట్టి మరిచిపోతారు, అక్షరాలు వెలవెలబోతాయి, సన్న గీతలు పడతాయి. తర్వాత పేపర్ రకం. గ్లాసీ ఫొటో పేపర్ పెట్టి ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే రంగులు మడుగు కట్టి ఆరవు. ఫొటో పేపర్‌ను తిరగేసి పెడితే కూడా అంతే, వేలు తడిచేసి మూలన తాకండి, జిగురుగా అంటే అదే ప్రింట్ పడాల్సిన వైపు. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో విప్పిన రీము కాగితం గాలిలో తేమ పీల్చి అక్షరాల అంచులు పాకినట్టు చేస్తుంది. రీమును కవర్‌లో చుట్టి ఉంచండి. నిలువు గీతలు రెండేసిగా, వణికినట్టు వస్తే హెడ్ ఎలైన్‌మెంట్ చేయాలి, అదీ మెయింటెనెన్స్‌లోనే ఉంది. అప్పటికీ తగ్గకపోతే హెడ్ వెనకాల అటు చివర నుంచి ఇటు చివరకు సాగదీసి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ చూడండి. తాను ఎక్కడుందో హెడ్ తెలుసుకునేది దాని మీది సన్న గీతల వల్లే. దాని మీద ఇంకు మరక, గ్రీజు ఉంటే నీళ్ళతో చెమ్మ చేసిన బట్టతో చాలా మెత్తగా తుడవండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మసకగా వస్తే ప్రింటర్‌ను అనకండి. 4×6 అంగుళాల ఫొటో నిండుగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 1200×1800 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్ మామూలుగా పంపితే ఫొటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

షాపు మాట ఎప్పుడు నమ్మాలో కూడా చెప్పాలి. క్యాప్ శుభ్రంగా ఉండి, ఇంకు పీలుస్తూ, గొట్టాల్లో గాలి లేకుండా, 12 గంటల ఎడంతో రెండు పెద్ద క్లీనింగ్‌లు అయ్యాక కూడా నాజిల్ చెక్‌లో అదే చోట అవే గీతలు తెగుతుంటే అప్పుడు హెడ్ మీద అనుమానం న్యాయమే. వారంటీ ఉంటే మాత్రం ఇవేవీ మీరు చేయకండి, విప్పకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

ఇంకొకటి అడగాలి. ఊరెళ్ళేటప్పుడు ప్రింటర్‌ను ఎలా ఆపారు? మన ఇళ్ళలో గోడ స్విచ్ బోర్డు దగ్గర నొక్కేసి వెళ్ళడం అలవాటు. ప్రింటర్ మీద ఉన్న బటన్ నొక్కితేనే అది హెడ్‌ను క్యాప్ మీద కూర్చోబెట్టి ఆగుతుంది. ప్రింట్ మధ్యలోనో, అయిన మరుక్షణమో గోడ స్విచ్ ఆపితే హెడ్ మూత లేకుండా ఎండలో ఉన్నట్టే. ప్రింట్ తీస్తుండగా కరెంటు పోతే, వచ్చాక ఒకసారి ప్రింటర్ ఆన్ చేసి బటన్‌తోనే ఆపండి. వారానికి ఒక రంగుల పేజీ తీస్తే చాలు, రోజూ అక్కర్లేదు. నెల దాటి ఊరెళ్తే పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి మొక్కలకు నీళ్ళు పోయమంటాం కదా, ఆ వెళ్ళినప్పుడే వారానికొక నాజిల్ చెక్ పేజీ తీయమనండి.

మీరు ఈ రాత్రి బటన్‌తో ఆపి వదిలేయండి. రేపు పొద్దున్నే క్లీనింగ్ చేయకుండా నాజిల్ చెక్ రెండు కాగితాలు తీసి, మెజెంటా వరసలో ఖాళీలు కదిలాయా, అక్కడే ఉన్నాయా చూసి చెప్పండి. కదిలితే ఇంకో పూట ఆగుదాం. అక్కడే ఉంటే క్యాప్‌లో నీటి చుక్కలతో మొదలుపెడదాం.